ఎర్రదారం కట్టిన వరి దుబ్బు

సక్కగా కూర్చో. ఫోను పక్కన పెట్టు, కలం పట్టు. చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ బడి హిందీ దూర్చకు. ఒక పిల్ల మూడేళ్ల చదువును మీ నానమ్మ రోట్లో వేసి దంచిన కథ ఇది.

అప్పటికి నువ్వు పలక కొరుకుతున్నావు. మన ఊరు ఎర్రబోరుకు రేణు అని రాయపూర్ వైపు పిల్ల వచ్చింది. వరి మీద పరిశోధన. మన పాత వడ్లనూ ఎక్కడివో పొట్టి వడ్లనూ కలిపి కొత్త వరి పుట్టించి, మన చేను మూలన నాటింది. వానలు తొందరగా వెళ్లిపోయినా గింజ పట్టే వరి కావాలట. లేత ఆకు ముక్క డబ్బాలో పెట్టి రాయపూర్‌కు పంపితే, అక్కడి మిషను దాని తాత ముత్తాతల గుణాలన్నీ చదివేస్తుందట. నాకు నా ముత్తాత పేరే తెలియదు, గడ్డిపరకకు అంత వంశం.

ఒకరోజు, అన్నిటికన్నా ముందు కంకి వేసిన ఒక్క దుబ్బుకు ఎర్రదారం కట్టింది.

"దాదీ, నేను జగదల్‌పూర్ వెళ్లి వస్తాను. దీన్ని ఎవరినీ ముట్టనివ్వద్దు."

"ఎవరి కోసమో నాకు ఎరికే బిడ్డా, నువ్వు పో" అన్నాను.

ఎరికే మరి. ముందు పండిన కంకి దేవుడిది. కొత్తల పండుగకు ఆయనకు పెట్టనిదే మనం కొత్త గింజ నోట పెట్టం. బయటి పిల్లయినా పద్ధతి తెలుసుకుని, దేవుడి వాటాకు దారం కట్టిందని మురిసిపోయాను. చిలకలతో కొట్లాడాను. మీ తాతను కూడా ఆ గట్టు ఎక్కనివ్వలేదు.

"నాకు జరమొచ్చినప్పుడు ఇట్ల కూసున్నవానే ఎప్పుడన్న?" అన్నాడు.

"నీకెవరన్న దారం కట్టిన్రా?" అన్నాను.

పండుగ రోజు ఆ కంకులు కోసి, మూడింటిని దేవుడి గూటికి కట్టి, మిగతావి వేయించి అటుకులు దంచాను. ఇంట్లో తలా చిటికెడు. సరిగ్గా అప్పుడే బస్సు దిగి వచ్చింది రేణు. అతిథి కదా, దొప్పలో గుప్పెడు పోసి బెల్లం పెట్టాను.

"బహుత్ బాగున్నాయి దాదీ. ఏ వడ్లు?"

"నీవే బిడ్డా. ఎర్రదారంవి."

నమలడం ఆగిపోయింది. బుగ్గలో తేనెటీగ దూరినట్టు కూర్చుంది.

"అన్నీ?"

"దేవుడి వాటా దాచుకుంటమా?"

"అది విత్తనం దాదీ. మూడేళ్లలో ముందుగా పండింది అదొక్కటే."

తిట్టలేదు, ఏడవలేదు. ఆ ముద్ద మాత్రం మింగింది. మింగేలోపు సుక్మా బస్సు పోయి రావచ్చు. నేను నేల చూశాను. మీ తాత పైకి చూసి, "గూటికి కట్టినవి పచ్చివే కదనే" అన్నాడు.

పచ్చివే, మొలకెత్తుతాయి. కానీ దేవుడివి. పూజారి మా మరిది దగ్గరికి పరుగెత్తాను.

"ఇచ్చింది మళ్ల అడుగుతవా వదినా?"

"మళ్ల చేనులనే వేస్తది. పండంగనే ముందుగాల ఆయనకే."

"ఆ పిల్ల అటుకులు తిన్నదా?"

"తిన్నది."

"సంగతి తెలిసినంక ఉమ్మలేదా?"

"మింగింది."

"అయితే మనతోని పండుగ చేసినట్టే. తీసుకొమ్మను."

ఇప్పుడు ఆ మూలన ఊగుతున్నది ఆ మూడు కంకుల సంతానమే. రేణు ఇప్పుడు దారం కట్టదు. "తినకూడదు" అని హిందీలో, తెలుగులో అట్ట రాసి పెడుతుంది. నాకు చదువు రాదని గుర్తొచ్చి, కింద రోలు బొమ్మ గీసి అడ్డంగా కొట్టేసింది.

కాబట్టి ఆ రోలు మీదే చెయ్యి పెట్టి ఒట్టేస్తున్నాను, పెద్ద అక్షరాలతో రాయి. ఇక ఈ జన్మలో దారం కట్టిన ఏ కంకికీ, అది దేవుడిదో రేణుదో అడగకుండా కొడవలి...

"అత్తమ్మా, అన్నం సల్లారుతుంది, రా."

వస్తున్న. ఏ వడ్లదే కోడలా, ముందు అది చెప్పు, చేను మూలన ఉన్నవి గానీ వండలేదు కదా?