లూప్ లైనులో ఆగిపోయిన బండి

వకుయి తొమెకిచి ముప్ఫై నాలుగేళ్లు రైలు నడిపాడంటే జనం కళ్లు పెద్దవి చేసుకుని వినేవారు. ఏ రైలని అడిగితే మాత్రం ఆయన మాట మార్చేవాడు. కొండల్లో తిరిగే రెండు పెట్టెల ప్యాసింజర్ అది. వెనకాల ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే చాలు, లూప్ లైనులోకి తప్పుకుని నోరుమూసుకుని నిలబడాలి. సగం ఉద్యోగం అలా దారివ్వడంతోనే అయిపోయింది, పాపం.

రిటైరై టోక్యోలో నెరిమా పేటకు చేరాక కూడా ఆ ఉద్యోగం ఆయన ఒంటిని వదల్లేదు. సిగ్నల్‌ని వేలితో చూపించి, పైకి గట్టిగా చెప్పాకే బండి కదిలించాలన్నది అక్కడి రైల్వే పద్ధతి. ఇంట్లోనూ అదే వరస. గుమ్మం దాటే ముందు పొయ్యి వైపు వేలు చాచి, "గ్యాసు కట్టేశాం, సరి!" అని కేక పెట్టేవాడు.

"ఊరుకోండి! మన గ్యాసు సంగతి నాకంటే ముందు పక్కింటివాళ్లకి తెలుస్తోంది," అని భార్య సుమియె విసుక్కునేది. ఆవిడ కూడా ఒకప్పుడు ముల్లంగి బుట్టతో రోజూ ఆ ప్యాసింజర్ ఎక్కినావిడే.

వీధి చివర సోబా నూడుల్స్ అమ్మే కొట్టు పైఅంతస్తులో, టీవీకి బొమ్మల కథలు గీసే చిన్న సంస్థ ఉండేది. దాని దర్శకుడు హొజుమి ఒకరోజు కొట్లో తల పట్టుకుని కూర్చున్నాడు. మూడు వందల బొమ్మలు గీయించినా ఆయనగారి మెరుపు రైలు ముసలి ఎద్దులా కదులుతోంది.

"మాస్టారూ, మీరు రైలు మనిషి. దీనికి వేగం ఎందుకు రావట్లేదంటారు?"

పక్క బల్ల దగ్గరున్న తొమెకిచి బొమ్మలు చూసి పెదవి విరిచాడు. "లోపల కూర్చున్నవాడికి వేగమేం తెలుస్తుంది బాబూ? వాడు టీ తాగుతుంటాడు. దారిచ్చి నిలబడ్డవాణ్ని అడగాలి. పక్కన లూప్‌లో నా బండి గియ్యి. డ్రైవరు టోపీ ఎగిరిపోవాలి. కిటికీలో ఒకావిడ ముల్లంగి బుట్ట బోర్లాపడాలి. అప్పుడు చూడు!"

అలాగే గీశారు. అదిరిపోయింది. గురువారం సాయంత్రం ఆ రైలు టీవీలో దూసుకుపోతుంటే సోబా కొట్లో జనం బల్లలు పట్టుకుని కూర్చున్నారట. ఇంట్లో తొమెకిచి మాత్రం లేచి నిలబడి, తెర వైపు వేలు చాచి, "సిగ్నల్ పచ్చ! బయల్దేరు!" అన్నాడు. కథ కాస్తా మెరుపు రైలు వెంట వెళ్లిపోయింది. ప్యాసింజర్ లూప్‌లోనే ఉండిపోయింది. పాట వచ్చింది, ఆ తర్వాత సబ్బు ప్రకటన వచ్చింది.

ఆయన అన్నం ముట్టలేదు. తెల్లారగానే హొజుమి ముందు ప్రత్యక్షమయ్యాడు.

"బాబూ, నా బండి ఇంకా లూప్‌లోనే ఉంది."

"అది బొమ్మండీ మాస్టారూ!"

"అయితే? అందులో పదకొండుమంది ఉన్నారు. ముప్ఫై నాలుగేళ్లలో నేను ఒక్క ప్రయాణికుణ్ని కూడా దారిలో వదిలెయ్యలేదు."

జీవితం మొత్తానికి గర్వంగా చెప్పుకోడానికి ఆయనకున్నది ఆ ఒక్క మాటే.

"కథకి దాంతో పనిలేదండీ. మావాళ్లు నిద్రపోయి మూడు రోజులైంది!"

తొమెకిచి వాదించలేదు. పాత టోపీ పెట్టుకుని రోజూ వచ్చి ఆ సంస్థ మెట్ల మీద కూర్చున్నాడు. ఎవరొచ్చినా లేచి పక్కకి తప్పుకుని దారిచ్చేవాడు, మళ్లీ కూర్చునేవాడు. అలాంటి మనిషిని ఎవరు మాత్రం ఎలా తిడతారు? సోమవారానికి హొజుమి దిగొచ్చాడు.

"మూడు సెకన్లు. అంతకుమించి ఒక్క బొమ్మ కూడా గీయించను!"

మళ్లీ గురువారం, కథ ముగిశాక ఏ సంబంధమూ లేకుండా తెరమీద లూప్ లైను కనబడింది. బొమ్మ డ్రైవరు వేలు చాచాడు. బండి ఓ కుదుపు కుదిపి, నింపాదిగా కదిలి వెళ్లిపోయింది.

తొమెకిచి జేబు గడియారం చూసుకున్నాడు. ముఖం పాలిపోయింది. టోపీ తీసి, టీవీ ముందు మోకాళ్ల మీద కూర్చుని, నుదురు చాపకి ఆనించాడు.

"ప్రయాణికులకు మనవి. మన బండి ఏడు రోజుల నాలుగు నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది. దయచేసి క్షమించండి."

సుమియెకి నవ్వు ఆగలేదు, కళ్లలో నీళ్లూ ఆగలేదు.

"పర్లేదు లెండి," అంది. "మీ బండి అని తెలిసే ఎక్కాం."