మరియరాణి ఇంటి బొమ్మ

ఈ పరాయి దేశంలో మా క్రెయిగీబర్న్ పేటలో ఉండే మరియరాణి గురించి ఎవరూ పుస్తకం రాయలేదు. రాయడానికి ఆవిడ చేసిన ఘనకార్యం ఏముంది గనక? తెనాలి నుంచి వచ్చి పందొమ్మిదేళ్ళుగా వృద్ధాశ్రమం వంటగదిలో పనిచేస్తోంది. భర్త శౌరయ్య పోయాక కూడా నాలుగు గదుల అద్దె ఇల్లు వదల్లేదు. కొత్తగా దిగిన తెలుగు పిల్లలకు రూమ్ దొరికేదాకా అందులో చోటిస్తుంది, పైసా తీసుకోదు. గుడికెళ్తావా, చర్చికెళ్తావా అని కూడా అడగదు. ఇంత తెలివితక్కువ మనిషి జీవితం పిల్లలకు చెబితే రేపు వాళ్ళు బాగుపడొద్దూ!

అందుకే మా తెలుగు సంఘం దూరాన ఉన్న ఒక గొప్ప మనిషిని ఎంచుకుంది. నూరేళ్ళ పైచిలుకు కిందట షికాగోలో ఒకావిడ ఉండేదట. కలిగినింటి పిల్ల. కార్మికుల పేటలో ఇల్లు తీసుకొని, వలస వచ్చినవాళ్ళ మధ్యే ఉండిపోయి, వాళ్ళ పిల్లలకు చదువు చెప్పించి, తల్లులకు ఇంగ్లీషు నేర్పించిందట. అలాంటి ఇళ్ళను సెటిల్‌మెంట్ హౌస్ అనేవారు. ఆ కథ చదివి మా అధ్యక్షులు వాసుదేవరావు గారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ తడి ఆరకముందే పిల్లల కోసం ఇరవై నాలుగు పేజీల పుస్తకం రాసేశారు. బొమ్మలు వేయడానికి యూనివర్సిటీలో చదివే లిఖిత ఊరికే దొరికింది. ఆ పిల్ల ఉండేది మరియరాణి ఇంట్లోనే.

వాసుదేవరావు గారిది అక్కడికి రెండిళ్ళ అవతల. పుస్తకం ప్రెస్సుకు వెళ్ళిన వారమే ఆయన మునిసిపల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పంపారు, ఆ ఇంట్లో పర్మిషన్ లేని హాస్టల్ నడుస్తోందని.

“స్ట్రీట్ మొత్తం కార్లేనయ్యా! గుమ్మం ముందు ముప్ఫై జతల చెప్పులు. మన ఇళ్ళ వాల్యూ ఏం కావాలి?” అని కమిటీ మీటింగులో ఆయనే చెప్పారు.

చెప్పేవి శ్రీరంగనీతులు అని లోపల అనుకొని, పైకి తలూపాను. కార్యదర్శి ఉద్యోగం అదే కదా.

కౌన్సిల్ నుంచి మరియరాణికి ఉత్తరం వచ్చింది. డబ్బు తీసుకోవడం లేదని రెండు వారాల్లో రుజువు చూపాలి. చూపలేకపోతే లీజు పొడిగించనని ఇంటి ఓనరు తేల్చేశాడు. ఆవిడ నేరుగా నా దగ్గరికి వచ్చింది. ఈ దేశంలో దిగిన కొత్తలో నేనూ నలభై రోజులు ఆ ఇంట్లో పడుకున్నవాణ్ణే.

“ఏమయ్యా భార్గవ్, నేను డబ్బులు పుచ్చుకోలేదని ఒక్క కాయితం రాసియ్యవయ్యా. ఇల్లు పోతే ఇప్పుడుంటున్న ముగ్గురాడపిల్లలు ఎక్కడికి పోతారు?”

“తప్పకుండా ఆంటీ. సండే బుక్ లాంచ్ ఉంది, అది అవనీయండి” అన్నాను. గోడ మీద పిల్లి వాటం నాకు కొత్త కాదు.

మా ఆవిష్కరణలకు ఒక పద్ధతి ఉంది. రిబ్బను విప్పుతాం, పుస్తకాన్ని ఫొటోకు ఎదురుగా పట్టుకుంటాం, శాలువా కప్పుతాం. తెరిచి చూడడం మా పద్ధతి కాదు. అచ్చుకు పంపే ముందు కమిటీ కూడా దాన్ని అట్ట మీదనుంచే ఆమోదించింది. ఆ పద్ధతి తప్పింది వాసుదేవరావు గారి మనవరాలు, ఎనిమిదేళ్ళ అనన్య. వేదిక మీదే పుస్తకం తెరిచింది.

“తాతయ్యా, దిస్ ఈజ్ మరియా ఆంటీస్ హౌస్!”

నిజమే. షికాగో ఇల్లు ఎలా ఉండేదని లిఖిత అడిగితే, “అందరికీ చోటిచ్చే ఇల్లమ్మా, నీకు తెలిసినట్టు వేసెయ్” అన్నారట ఆయన. తెలిసిన ఇల్లే వేసింది. నూరేళ్ళనాటి షికాగోలో గుమ్మం ముందు హవాయి చెప్పులు, పొయ్యి మీద ప్రెషర్ కుక్కరు, హాల్లో వరసగా పరుపులు.

వాసుదేవరావు గారు తడబడితే అధ్యక్షులెలా అవుతారు? “అవును! మన మరియరాణి గారే నాకు స్ఫూర్తి!” అని మైకులో ప్రకటించి, ముఖ్య అతిథికి తెచ్చిన శాలువా ఆవిడకు కప్పేశారు. చప్పట్లు మోగాయి. ఆవిడ మైకు అందుకుంది.

“నా ఇంట్లో ఉండి పోయినోళ్ళు చేతులెత్తండయ్యా.”

సగం హాలు ఎత్తింది. కొందరు నవ్వుతూ రెండు చేతులూ ఎత్తారు. నేనూ ఎత్తాను.

“ఎవరి దగ్గరా డబ్బులు పుచ్చుకోలేదుగా? ఆ మాటే రాసి తెచ్చా, సంతకాలు పెట్టండి. ఎవరో కంప్లైంట్ పెట్టారంట, కౌన్సిల్‌కి ఇయ్యాల.”

ఆ ఎవరో ఎవరో హాలులో అందరికీ తెలుసు. చేతులు ఒక్కొక్కటే దిగాయి. ఒకరికి పర్మనెంట్ రెసిడెన్సీ ఫైలు నడుస్తోంది, ఇంకొకరికి అధ్యక్షులవారి కంపెనీలో రిఫరెన్స్ కావాలి, మిగిలినవాళ్ళకు భోజనాల క్యూ గుర్తొచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేయడం ఎవరైనా ఒంటరిగా చేస్తారు, మేం సంఘంగా చేశాం. నా చెయ్యీ దిగింది. లిఖిత ఒక్కతే సంతకం పెట్టింది. ఇప్పుడు అక్కడే ఉంటున్నవాళ్ళ మాట చెల్లదన్నారు కౌన్సిల్ వాళ్ళు.

గడువు దాటిన రెండు నెలలకు నాకు ధైర్యం వచ్చింది. కాగితం రాసి, సంతకం చేసి, పట్టుకెళ్ళాను. ఇంటి ముందు ‘ఫర్ లీజ్’ బోర్డు ఉంది. ముగ్గురమ్మాయిలూ మూడు సబర్బులకు వెళ్ళిపోయారు. ఆవిడ ఖాళీ హాల్లో కూర్చుని గిన్నెలు అట్టపెట్టెల్లో సర్దుకుంటోంది. నా కాగితం ఆసాంతం చదివి, జాగ్రత్తగా మడిచింది.

“సంతోషం నాయనా” అంది. తిడితే బాగుండుననిపించింది.

“రెండవుతోంది, అన్నం తిన్నావా?”

లేదన్నాను. ఆవిడ టేపు వేసేసిన పెట్టె మళ్ళీ విప్పి, నాకోసం ఒక కంచం బయటికి తీసింది.