మంత్రసాని చదువు

కారంపూడి పక్కన ఆ పాలెంలో ఎనిమిదో తరగతి గట్టెక్కిన మొదటి ఆడపిల్ల కృపామణి. ఆ గొప్ప ఆమె కన్నా పాలెమే ఎక్కువ చెప్పుకునేది. తండ్రి పోయాక ఆ పిల్ల తల్లితో పాటు కలుపులకు పోతుంటే ఏసు గుడి ఆడవాళ్లకు మనసొప్పలేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటేడు, గుంటూరులో మిషను వాళ్లు ఆడపిల్లలకు పనులు నేర్పుతున్నారని పాస్టరుగారు చెప్పగానే, మంత్రసాని చదువుకు ఈ పిల్లనే పంపాలని అంతా ఒక్కమాట మీద నిలబడ్డారు.

పాలెంలో కాన్పు కష్టమైతే పక్కూరి నుంచి జైనాబ్ బీ రావాలి. ఆమె హస్తవాసి మంచిదే గానీ ముసలిదైపోతోంది. అందుకని ప్రతి ఇల్లాలూ ఎసరు పెట్టినప్పుడల్లా పిడికెడు జొన్నలు దేవుడి పేర పక్కన తీసింది. ఆదివారం గుళ్లో పోసిన ఆ గింజలు అమ్మి కృపామణి భోజనానికి కట్టారు. గింజలు కరువైన రోజుల్లో, తమ పిల్లల సంకటి తగ్గించి తీసిన గింజలవి.

గుంటూరు వెళ్లాక కృపామణి బుద్ధి పక్కదారి పట్టింది. మంత్రసాని తరగతిలో మొదటి కాన్పు చూసేసరికే ఆమెకు కళ్లు తిరిగాయి. ఎదురుగదిలో పిల్లలు ఉతికిన చీరల్లో కుట్టుమిషన్ల ముందు కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆ పని వస్తే నరసరావుపేటలోనో సత్తెనపల్లిలోనో బతుకుతెరువు దొరుకుతుంది, తల్లిని దగ్గర పెట్టుకోవచ్చు. మంత్రసాని అయితే మళ్లీ పాలెం తప్పదు. మిషను నడిపే దొరసానమ్మను బతిమాలి ఆ గదిలోకి మారిపోయింది. ఊరివాళ్లకు తానే చెప్పుకుంటానని మాట కూడా ఇచ్చింది. చెప్పలేదు. చెబితే ఆ పిడికిళ్లు ఆగిపోతాయని భయం. అప్పటి నుంచి కంచం ముందు కూర్చున్నప్పుడల్లా పాలెం పిల్లల సంకటే గుర్తొచ్చేది.

ఎండాకాలం సెలవులకు ఇంటికొచ్చింది. ఒకరోజు పొద్దున్నే, గుడి ఆడవాళ్లకు పెద్దదిక్కైన దేవమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"కృపా, మా కోడలు గ్రేసమ్మకు నొప్పులొచ్చినయ్యే. లెగు, పోదాం."

"జైనాబ్ బీని పిలిపించరాదా అత్తా," అంది కృపామణి నేల చూస్తూ.

"ఆ ముసలిదాన్ని ఈ ఎండలో ఎందుకే తిప్పలు పెట్టేది? పాలెమంతా కలిసి నిన్ను చదివిస్తా ఉన్నాం. నీ చేత తొలి కాన్పు మా ఇంటిదే కావాలని చానా ఆశగా ఉంది."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. పక్కనే తల్లి మురిసిపోతూ నిలబడి ఉంది. కృపామణి చేతులు కడుక్కుని బయల్దేరింది.

గ్రేసమ్మ తల నిమరడం, ఓర్చుకో వదినా అనడం తప్ప ఆమెకేమీ తెలియదు. బిడ్డ అడ్డం తిరిగిందని కూడా తెలుసుకోలేకపోయింది. మధ్యాహ్నానికి గ్రేసమ్మ కళ్లు తేలేస్తుంటే బయటికి పరుగెత్తి, బండి పంపమని ఏడ్చింది. జైనాబ్ బీ వచ్చి తల్లిని దక్కించింది. బిడ్డ దక్కలేదు.

పూడ్చి వచ్చాక, గోడవారన కూలబడ్డ కృపామణి దగ్గరికి దేవమ్మ వచ్చి కూర్చుంది.

"ఏడవబాకమ్మా. చదువు సగంలో ఉన్నదానివి, నువ్వు మాత్రం ఏం జేస్తావు? తొందర మాది. తప్పు నాదే."

ఊరుకుంటే సరిపోయేది. ఆ ఓదార్పు చాటున జన్మంతా దాక్కోవచ్చు. కానీ మనవణ్ణి పోగొట్టుకున్న మనిషి తన ముందు తప్పు ఒప్పుకుంటుంటే కృపామణి తట్టుకోలేకపోయింది.

"నేను చదివేది ఆ చదువు కాదత్తా. నెత్తురు చూసి భయపడి కుట్టుపనికి మారా. మీకెవరికీ చెప్పలా."

దేవమ్మ తిట్టలేదు. తిడితే బాగుండునని కృపామణికి అనిపించింది.

"పొద్దున నేనొచ్చినప్పుడు ఈ మాట చెప్తే, అప్పుడే బండి పంపేదాన్ని గదే," అంది దేవమ్మ. కొంగుతో మొహం తుడుచుకుని, కోడలి దగ్గరికి లేచి వెళ్లింది.