పరుపుల మామ చూపించిన ఓడ

నా చిన్నప్పుడు ప్రొద్దుటూరులో మా పక్కింట్లో పరుపులు కుట్టే మామ ఒకాయన ఉండేవారు. మాకు చుట్టం కాదు. రంజాన్ నాడు వాళ్లింటి పాలసేమ్యా మాకొచ్చేది, ఉగాదికి మా ఓళిగలు వాళ్లింటికి వెళ్లేవి. ఆయన కువైట్ వైపు ఓడల్లో చాలా ఏళ్లు పనిచేసి, కాలు దెబ్బతిని తిరిగొచ్చారు. ఆయన దూది ఏకుతుంటే నేను ఎదురుగా కూర్చుని ఓడ కబుర్లు చెప్పించుకునేదాన్ని.

నాకు పదేళ్లప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, మైలవరం డ్యాం దగ్గర కాలేజీ పిల్లలకు ఓడ పని నేర్పే శిబిరం పెట్టారు. నీళ్లలో ఒక చిన్న శిక్షణ ఓడ నిలిపారని, ఆదివారం ఎవరైనా ఎక్కి చూడొచ్చని తెలిసింది. మా నాన్నకేమో బట్టల అంగట్లో పెళ్లిళ్ల బేరం. "నేను పిల్చుకపోతాలే అప్పా" అన్నారు మామ. తన పని మానుకుని నన్ను జమ్మలమడుగు బస్సెక్కించారు.

ఒడ్డున వరుసలో నా క్లాసు అమ్మాయి కనిపించింది. డాక్టరుగారి కూతురు, కారులో వచ్చింది. మామ లుంగీని, గడ్డంలో చిక్కుకున్న దూది పోగుల్ని చూసి, "ఆయప్ప ఎవురు?" అని అడిగింది.

"మా ఇంట్లో పనిచేస్తాడు" అన్నాను.

మామ రెండడుగుల వెనకే నా నీళ్లసీసా పట్టుకుని నిలబడ్డారు. వినలేదులే అనుకున్నాను.

ఓడ మీద శిక్షణ ఇచ్చే మాస్టరు ఒక తాడు ముడి వేసి చూపించి, మమ్మల్నీ వేయమన్నారు. ఎవరికీ రాలేదు. మామ తాడు అందుకుని, దానివైపు చూడకుండానే ముడి బిగించేశారు. మాస్టరు ఆశ్చర్యపోయారు. "ఓడల్లో పనిచేశారా పెద్దాయనా?"

అందరూ ఆయన వైపు తిరిగారు. ఇప్పుడు అంతా చెప్పేస్తారు, నా అబద్ధం బయటపడుతుంది అనుకున్నాను.

మామ ఒక్కసారి నా వైపు చూశారు.

"లేదు సార్. ఈ పాపోళ్లింట్లో పని చేస్తాండా. ఎనుముల్ని కట్టేసి కట్టేసి అలవాటైంది" అని తాడు తిరిగి ఇచ్చేశారు. అందరూ నవ్వారు. మా ఇంట్లో ఎప్పుడూ గేదె అన్నదే లేదు.

ఆ ఓడలో ఆయనకు తెలియని వస్తువు ఉండి ఉండదు. దారి పొడవునా నాకు చూపించాలని ఎన్ని అనుకున్నారో. అయినా నోరు మెదపకుండా పనివాడిలా అందరికన్నా వెనక నడిచారు. దిగే ముందు మాత్రం ఓడ అంచున కమ్మీ మీద అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డారు.

బస్సులో "మామా" అన్నాను. ఆయన ఇటు తిరగ్గానే కిటికీలోంచి బయటికి చూశాను.

"ఆకలైతాందా పాపా?" అని బొరుగుల పొట్లం నా ఒళ్లో పెట్టారు. దాన్ని విప్పకుండానే ఇంటిదాకా పట్టుకొచ్చాను. ఇంటికొచ్చాక నాన్న అడిగితే, "పాప శానా బాగా చూసిందప్పా" అన్నారు.

ఆ తర్వాత చాలా రోజులు నేను మామ వాళ్ల వాకిలి తొక్కలేదు. ఆయన మాత్రం కనిపించినప్పుడల్లా ఎప్పటిలాగే పలకరించేవారు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే పెళ్లయి పులివెందుల వచ్చేశాను. మామ పోయిన కబురు నాకు ఇక్కడే తెలిసింది.

ఇప్పుడు నా వెంట ఎవరున్నా, ఎవరని అడిగేలోపే వాళ్ల పేరు, వరస, వాళ్లకొచ్చిన విద్య అన్నీ చెప్పేస్తాను. నాది మంచి మర్యాద అంటారు వినేవాళ్లు. ఆ మాట అన్న ప్రతిసారీ నేను తల దించుకుంటాను.