మర్యాదకు బలైన నా కొత్తిమీర మడి

మా అమ్మ బాపట్ల దగ్గర ముప్ఫై ఏళ్ళు పరాయివాళ్ళ చేలల్లో కలుపు తీసింది. నన్ను మాత్రం చేలోకి దిగనివ్వలేదు. "నీ చేతికి మట్టంటకూడదు" అని పట్టుబట్టి నర్సింగ్ చదివించింది. అందుకే ఈ పరాయి దేశం వచ్చి లోవర్ హట్ అనే ఊళ్ళో వృద్ధుల కేర్ హోమ్‌లో పనిచేస్తున్న నాకు ముప్ఫై నాలుగేళ్ళొచ్చినా కొత్తిమీర పెంచడం రాదు. అమ్మ ఏనాడూ నాదని చెప్పుకోలేకపోయిన నేలని ఒక్క మడి మేరకైనా నాదనిపించుకోవాలని కోరిక. ఏమీ రానివాళ్ళకు కొండ అవతల వైరరాపా ప్రాంతంలో ఒక చిన్న ఫామ్‌లో సేద్యం నేర్పుతారని చర్చిలో ఒక ఆంటీ చెప్పగానే పేరిచ్చేశాను. మీకూ అలాంటి ఆలోచన ఉంటే ఇది చదివి వెళ్ళండి. నాలాగా ఒళ్ళు మండించుకుని తిరిగి రాకండి.

దారి సులువే. శనివారం పది దాటాక మా ఊరి వాటర్లూ స్టేషన్‌లో రైలెక్కితే, కొండ కింద పొడుగాటి సొరంగం దాటి పదకొండు ప్రాంతాల్లో ఫెదర్‌స్టన్‌లో దిగుతాం. అక్కడి నుంచి ఫామ్‌కు పావుగంట. అక్కడ పనిచేసే బ్రూస్ తన యూట్ తెస్తాడు, అంటే వెనక తొట్టి ఉన్న బండి. భోజనంతో కలిపి రోజుకు నలభై డాలర్లు. యజమాని హెలెన్‌కు అరవై దాటాయి. మే మొదట్లో, ఇక్కడ చలి మొదలవుతుండగా తలా ఒక మడి చూపించి, "ఏడో శనివారం చూస్తాను. మొక్కలు బాగుంటే వసంతంలో కూడా ఆ మడి మీదే, లేకపోతే వేరేవాళ్ళకిస్తాను" అంది. నేను కొత్తిమీర, ముల్లంగి వేశాను. నాకిది ఈ దేశంలో మొదటి చలికాలం. అమ్మకు ఫోన్ చేస్తే, "చలిగాలి కొడతది, ఉత్తరం వైపు తడిక కట్టు" అంది. దట్టమైన పచ్చ నెట్ కొని, నాలుగు కర్రలు పాతి, మనిషెత్తున కట్టాను. ఎంత మురిసిపోయానో!

మొన్న ఏడో శనివారం. వెళ్ళేసరికి పక్క మళ్ళల్లో మంచు కరిగిపోయి ఆకులు నిగనిగలాడుతున్నాయి. నా మడిలో మాత్రం మంచు ఇంకా తెల్లగా గడ్డకట్టి ఉంది. కొత్తిమీర నల్లబడి నేలకంటుకుపోయింది. హెలెన్ వచ్చి చూసి, ఎంతో మెత్తగా, "పోనీలే, అన్నీ అందరికీ రావు. నువ్వు కోళ్ళను చూసుకుంటావా?" అంది. కోళ్ళేమిటి? నేను కోళ్ళ కోసం వచ్చానా?

మధ్యాహ్నం హెలెన్ చేసిన గుమ్మడికాయ సూప్, రొట్టె పెట్టారు. పక్కన కూర్చున్న బ్రూస్ అడిగాడు.

"నువ్వు వేసింది ఎండ అక్కర్లేని పంటా?"

"ఎందుకలా అడుగుతున్నావు?"

"ఉత్తరం మూసేశావుగా. ఇక్కడ ఎండ వచ్చేది ఉత్తరం నుంచే. చలిగాలి దక్షిణం నుంచి వస్తుంది."

చేతిలో రొట్టె కింద పెట్టేశాను. భూగోళంలో మనం కింది సగంలో ఉన్నామని నాకు తెలుసు. ఆ సంగతి నా కొత్తిమీరకు కూడా వర్తిస్తుందని తట్టలేదు! రావలసిన ఎండను ఆపి, ఆపవలసిన గాలికి దారి వదిలాను. అరికాలి మంట నెత్తికెక్కింది. తిన్నగా హెలెన్ దగ్గరికి వెళ్ళాను.

"ఆరు శనివారాలు ఆ నెట్ చూస్తూ ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. "మీ దేశపు పద్ధతేమో అనుకున్నాను. తప్పు పడితే బాగోదని..."

అదేం మర్యాదండీ! మొక్క చస్తుంటే నవ్వుతూ చూడటం మర్యాదా? "నేను పేషెంటుకు తప్పు మందు ఇస్తుంటే, అది ఇండియా పద్ధతేమో అని మా సీనియర్ ఊరుకుంటుందా?" అన్నాను. డబ్బు తీసుకున్నది నేర్పడానికి కదా, నన్ను నొప్పించకుండా ఉండటానికి కాదు కదా! హెలెన్ షెడ్డులోకి వెళ్ళి కటింగ్ ప్లయర్ తెచ్చి, తనే మొదటి కర్ర దగ్గర వైరు తెంపింది. ఇద్దరం కలిసి నెట్‌ను దక్షిణం వైపుకు మార్చాం. మడి మీద ఎండ పడింది. పదకొండు మొక్కలు బతికున్నాయి. "వసంతం దాకా మడి నీదే. తప్పు చేస్తే ఇకనుంచి చెప్తాను" అంది హెలెన్. "చెప్పడం కాదు, తిట్టండి" అన్నాను.

సాయంత్రం స్టేషన్‌లో రైలు కోసం చూస్తూ, అమ్మకు ఫోన్ చేసి హెలెన్ మీద ఉన్న కోపమంతా వెళ్ళగక్కాను. అమ్మ చివరిదాకా విని, "ఏందే, ఆమె చెప్పలేదని ఏడుస్తావేంది? నేల మీద నీడ పడతంటే నీకు కళ్ళు లేవా?" అంది. ఆరు శనివారాలూ ఆ నీడలోనే వంగి మట్టి పిసికాను. చలేస్తోందని ఇంకో స్వెట్టర్ కూడా తొడుక్కున్నాను. ఆరు శనివారాలకు కట్టిన డబ్బుతో రాని చదువు, నన్ను చేలోకి దిగనివ్వని మా అమ్మ ఒక్క తిట్టుతో చెప్పేసింది. హెలెన్ మీద కోపం ఇంకా పోలేదు, పోదు కూడా. కాకపోతే అందులో సగం ఇప్పుడు నా మీద. మీరు వెళ్తే మాత్రం, విత్తనం చల్లేముందు మిట్టమధ్యాహ్నం మీ మడిలో నిలబడి మీ నీడ ఎటు పడుతోందో చూసుకోండి. అక్కడ ఎవరూ చెప్పరు.