తాత చెయ్యి, నా కసరత్తు

ఫొటోలో తాత కుడిచెయ్యి అట్లా మడిచిపెట్టుకున్నాడేమని నిన్న ఫోన్‌లో అడిగావు కదా చిన్నీ, అది మడిచిపెట్టుకోవడం కాదమ్మా, అంతకంటే చాచడం దానికి వచ్చేది కాదు. తమ్ముణ్ణి కూడా పిలువు, చెబుతాను. నా తల ఇంకా నెరవని ఆ రోజుల్లో, మొగుడి కోసం పెళ్ళాం చెయ్యలేని పనంటూ ఉండదని నాకు గట్టి నమ్మకం. ఆయన మొక్కుకుంటే గుడి చుట్టూ పొర్లుదండాలు పెట్టింది నేను. ఆయనకు జ్వరమొస్తే ఒక్కపొద్దు ఉన్నది నేను. (ఆయన హాయిగా ఇడ్లీ తినేవాడు.)

అప్పుడు చిట్కుల్‌లో ఉండేవాళ్ళం, తాత ఒక కంపెనీలో వాల్వులు తిప్పే పని చేసేవాడు. డ్యూటీ బస్సు దిగుతూ పడి తాత మోచెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కట్టు విప్పేసరికి చెయ్యి కొయ్యలా బిగిసిపోయింది. నెల తర్వాత వచ్చి చెయ్యి చాచి వాల్వు తిప్పి చూపిస్తే ఉద్యోగం ఉంటుంది, లేదంటే వేరేవాణ్ణి పెట్టుకుంటామన్నారు కంపెనీవాళ్ళు. పటాన్‌చెరులో ఫిజియోథెరపీ డాక్టరమ్మ చూసి, చెయ్యాల్సినవి కాగితం మీద రాసి, వారానికోసారి ఇంటికి వచ్చేలా ఇస్నాపూర్‌లో ఉండే తన అసిస్టెంటును మాట్లాడిపెట్టింది. ఆ అమ్మాయి సంచిలో రబ్బరు పట్టీలు వేసుకుని స్కూటీ మీద వచ్చేది. మేము రబ్బరు పిల్ల అనుకునేవాళ్ళం. మొదటిరోజు నేను నువ్వుల నూనె వెచ్చబెట్టి, చాప పరిచి కూర్చున్నాను.

"నూనె ఎందుకమ్మా?"

"మాలిష్ చెయ్యవా బిడ్డా?"

"నేను మాలిష్ చేసేదాన్ని గాదమ్మా. డాక్టరమ్మ రాసింది సారుతోటి చేయిపిస్త. మంచిగ చేస్తుండా లేడా సూస్త, పోయి ఆమెకు చెప్త."

పట్టీని కిటికీ ఊచకు కట్టి, పూటకు ఇరవైసార్లు లాగాలని, పూట అయిపోగానే కాగితం మీద గీత పెట్టాలని చెప్పి వెళ్ళింది. "కూసొని సూసుడు గూడ ఒక నౌకరేనా?" అన్నాను తాతతో.

తాత రెండుసార్లు లాగి మూతి ముడిచాడు. "నొస్తుందే. నా బదులు నువ్వు గుంజు. మొక్కులన్ని నువ్వే తీరిస్తివి గద, ఇదెంత?"

నాకది న్యాయంగానే తోచింది. (నవ్వితే నవ్వండి, చదువుకున్నవాళ్ళు.) పొద్దున ఇరవై, మధ్యాహ్నం ఇరవై, సాయంత్రం ఇరవై. తాత మంచం మీద కూర్చుని లెక్కపెట్టేవాడు. పదిహేడు దగ్గర మరిచిపోయి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టించేవాడు.

మూడో వారం రబ్బరు పిల్ల కాగితం చూసింది, తాత చెయ్యి చూసింది. "గీతలేమో నిండుగున్నయ్. చెయ్యేమో ఆడ్నే ఉంది."

"తప్పేమన్న చేసిన్నా బిడ్డా? గిట్లనే గద?" అని నేను పట్టీ అందుకుని, కిటికీ కిర్రుమనేలా లాగి చూపించాను.

ఆ పిల్ల నా జబ్బ పట్టుకుని నొక్కి చూసింది. "నీ చెయ్యి మస్తుగైందమ్మా. విరిగింది ఎవ్వరిది?"

తాత గోడవైపు తిరిగాడు.

"అన్నం కలిపి పెట్టు, అంగీ తొడుగు, నీ ఇష్టం. గిది మాత్రం ఆయన చేస్తేనే ఆయనకొస్తది. నీతోటి గాదు, నాతోటి గాదు" అంది నెమ్మదిగా.

డాక్టరమ్మకు చెప్పక తప్పదంది, చెప్పింది. మిగిలిన ఆ వారం రోజూ వచ్చి పక్కన కూర్చుని చేయించింది. చెయ్యి కొంచెం కదిలింది కానీ వాల్వు దాకా పోలేదు. గేటు దగ్గర సూపర్‌వైజరు "ఇంటికాడ ఆరాం చెయ్యన్నా" అని సాగనంపాడు. ఇగ ఇంట్లో గట్టి చెయ్యి ఎవరిది? గుమ్మడిదల దగ్గర మందుల కంపెనీలో పదకొండేళ్ళు పెట్టెలు మోసింది నేనే. అదీ ఆయన బదులే.

కిటికీ పట్టుకుని శ్రద్ధగా చెమటోడ్చిన అప్పటి నన్ను తలుచుకుంటే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది, దగ్గరుంటే చెంప మీద ఒకటి వెయ్యాలనీ అనిపిస్తుంది. నేను పనికి వెళ్ళిన మొదటిరోజు తాత ఎడంచేత్తో నా టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ కూనిరాగం తీశాడు. ఎన్నేళ్ళకో విన్నాను ఆ గొంతు. అక్కడే నిలబడి ఒక్క మాట అడిగాను. "బస్సొస్తది, జల్దీ పో" అన్నాడు. ఆయన చనిపోయేదాకా మళ్ళీ ఎప్పుడడిగినా ఏదో ఒక బస్సు వస్తూనే ఉండేది. నేనడిగింది ఇంతే:

"నీకు నిజంగ చెయ్యి రాలేదా, ఆ కంపెనీకి మళ్ళ పోబుద్ధి గాలేదా?"