ప్రింటర్‌కి పెట్టిన ముహూర్తం

దిల్‌సుఖ్‌నగర్‌లో కంప్యూటర్ కోర్సు చదివాక, ఎల్‌బీ నగర్ దగ్గర ప్లాట్లు అమ్మే ఒక ఆఫీసులో నాకు ఉద్యోగం దొరికింది. దొరికింది అనడం కంటే నాన్న కాళ్లరిగేలా తిరిగి ఇప్పించారు అనడమే సరి. ఓనర్‌ది అక్కడి ఊరే, తాతల నాటి పొలాలను కాలనీలు చేసి అమ్ముతున్నాడు. కొన్నాళ్లు నా పని చూసి, నచ్చితేనే ఉంచుకుంటానన్నాడు.

ఆఫీసులో రెండు కంప్యూటర్లు, ఒకే ప్రింటర్. ముందు గదిలో రసీదు టైపు చేసి, ఫ్లాపీ పట్టుకుని వెనక గదిలోకి పరిగెత్తి అక్కడ ప్రింట్ తీయాలి. రెండింటినీ ఒక స్విచ్ డబ్బాకి కలిపి, ఆ డబ్బా నుంచి ప్రింటర్‌కి కేబుల్ వేస్తే కూర్చున్న చోటి నుంచే ప్రింట్ వస్తుందని గొప్పలు చెప్పాను. చేసి చూపిస్తే ఉద్యోగం ఖాయం. ముందురోజు అన్నీ కలిపి చూసుకున్నాను, బాగానే వచ్చింది. ఓనర్ మాత్రం ముహూర్తానికే తగిలించాలని ప్రింటర్ వైపు కేబుల్ ఊడదీయించి, దాని కొసను పళ్లెంలో దేవుడి పటం ముందు పెట్టించాడు.

మర్నాడు ప్లాట్లు కొనేవాళ్లతో ఆఫీసు నిండిపోయింది. నాన్న సెలవు పెట్టి మరీ వచ్చారు. కనిపించిన ప్రతివాళ్లకీ, ఇదంతా మావాడి బుర్రేనండి అని చెబుతున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ముహూర్తానికి కేబుల్ చేతిలోకి తీసుకుంటే దాని మీద గంధం, కుంకుమ బొట్లు కనిపించాయి. పూజ కుంకుమ అందరి ముందూ ఎలా తుడవను? అలాగే తగిలించి, ముందు గదిలోకి వెళ్లి మీట నొక్కాను. ప్రింటర్ గరగరలాడింది. కాగితం నిండా పిచ్చి గుర్తులు, గీతలు. అది ఇంగ్లీషనుకుని ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఏ తిట్టూ నన్ను ఆ చప్పట్లంత బాధపెట్టలేదు.

కేబుల్ పీకి చూస్తే తడి గంధం లోపలి పిన్నుల దాకా దిగింది.

"గీ కుంకుమ ఎవరు పెట్టిన్రు?" అన్నాడు ఓనర్.

నాన్న వైపు చూశాను. ఉంగరం వేలు ఇంకా ఎర్రగానే ఉంది. ఇంట్లో కుట్టుమిషన్ కొన్నా, ఫ్యాన్ కొన్నా బొట్టు పెట్టందే ముట్టుకోనివ్వని మనిషి. ఈయన మా నాన్న కాకపోతే బాగుండుననిపించింది. నాన్న నోరు తెరవబోయి ఆగిపోయారు.

"నేనే పెట్టిన బిడ్డా. కొత్త సామాను గదా, బొట్టు లేకుంటె ఎట్ల?" అంది మూల కుర్చీలోంచి ఓనర్ తల్లి.

మోకాళ్ల నొప్పులతో ఆమె పొద్దుటి నుంచి ఆ కుర్చీ వదల్లేదు. అయినా తల్లిని ఏమంటాడు? నవ్వేసి ఊరుకున్నాడు. నేను స్పిరిట్‌లో ముంచిన దూదితో పిన్నులు తుడిచి, ఆరబెట్టి మళ్లీ తగిలించాను. రసీదు చక్కగా వచ్చింది. రేపటి నుంచి పర్మనెంట్ అనుకొమ్మన్నాడు ఓనర్.

సాయంత్రం నాన్నా నేనూ బస్సు కోసం నిలబడ్డాం. పరాయి మనిషి మన తప్పు నెత్తిన వేసుకుంటే అలా ఎలా ఊరుకున్నారని విసుక్కున్నాను. ఆయన వేలికున్న కుంకుమను రుమాలుతో తుడుచుకున్నారు.

"చెబుదామనే అనుకున్నాను రా. నువ్వు నా వంక చూసిన చూపుకి నోరు పెగల్లేదు."